కోడ్ అర్థం కావట్లేదా, అసలు కనపడట్లేదా?



పోయిన వారం ఒక తమ్ముడు ఇక్కడ అడిగాడు. కంప్యూటర్స్ తీసుకుని తప్పు చేశాననీ, కోడింగ్ మనలాంటోళ్లకి ఎక్కదనీ, ఇప్పుడు బ్రాంచ్ మార్చుకోవచ్చా అనీ. కింద చాలామంది ధైర్యం చెప్పారు. ప్రాక్టీస్ చెయ్యి, మెల్లగా అదే వస్తాది అన్నారు. నేనూ అదే రాద్దామని మొదలుపెట్టాను గానీ, చేతులు ఆగిపోయాయి. ఎందుకంటే సరిగ్గా ఇదే మాట మా రూమ్మేట్ నోట ఒక సంవత్సరం పాటు విన్నాను. వాడి విషయంలో ప్రాక్టీస్ అసలు సమస్యే కాదు. అందుకని తమ్ముడూ, బ్రాంచ్ మార్చే ముందు నిన్ను ఒక్క ప్రశ్న అడుగుతున్నా. ఆ స్క్రీన్ మీద అక్షరాలు నీకు పూర్తిగా కనపడుతున్నాయా?

నవ్వకండి. మా వాడి సంగతి చెప్తా, వాడిని అడిగే రాస్తున్నా, పేరు మాత్రం వద్దన్నాడు.

వాడు కాగితం మీద ప్రోగ్రామ్ చక్కగా రాస్తాడు. లూప్ లోపల లూప్ ఎలా తిరుగుతుందో నాకు చెప్పింది వాడే, మెస్‌లో కంచం మీద చింతగింజలు పెట్టి మరీ చూపించాడు. అదే మనిషి ల్యాబ్‌లో కూర్చుంటే మూడు గంటలు అయినా ప్రోగ్రామ్ రన్ అవ్వదు. సెమికోలన్ పెట్టాల్సిన చోట కోలన్ ఉంటాది. మీసాల బ్రాకెట్ బదులు మామూలు బ్రాకెట్. ల్యాబ్‌లో సార్ ఒకసారి "చూసి రాయడం కూడా రాదా" అన్నారు. ఆ మాట తప్పు కూడా కాదు, నిజంగానే వాడికి చూసి రాయడం రావట్లేదు. ఎందుకు రావట్లేదో మాత్రం ఆయనా అడగలేదు, మేమూ అడగలేదు.

ఒకరోజు ఎర్రర్ ఏంటో సీనియర్ అన్నకి పంపిద్దామని వాడి స్క్రీన్‌ని నా ఫోన్‌తో ఫొటో తీశాను. అన్న వెంటనే రిప్లై ఇచ్చాడు, "అక్కడ కామెంట్‌లోనే రాసి ఉంది కదరా, ఏ లైన్‌లో ఏం రాయాలో." నేను వాడికి చూపించాను. వాడు "ఏ కామెంట్?" అన్నాడు. ఫొటో పెద్దది చేసి చూపిస్తే అప్పుడు చదివాడు. తర్వాత స్క్రీన్ వైపు చూశాడు, మళ్లీ ఫోన్ వైపు చూశాడు. "ఇది ఎప్పట్నుంచి ఉంది అక్కడ?" అన్నాడు.

మొదటి ల్యాబ్ నుంచీ ఉంది. ప్రతి ప్రోగ్రామ్ ఫైల్‌లోనూ, ఏం చేయాలో సూచనలు కామెంట్ రూపంలో, నల్లటి వెనకరంగు మీద ముదురు బూడిద రంగు అక్షరాలతో ఉన్నాయి. క్లాసంతా అవి చదువుకుంటూ రాశారు. వాడికి అక్కడ ఖాళీ జాగా కనపడింది. ఖాళీ జాగాలో అందరూ ఏదో తెలిసి రాసేస్తున్నారు, నాకే తెలియట్లేదు అనుకున్నాడు. రెండు సెమిస్టర్లు అలాగే అనుకున్నాడు.

ఇప్పుడు కాంట్రాస్ట్ అంటే ఏంటో చెప్తా. ఆశ్రమ స్కూల్లో చదివినోళ్లకి వెంటనే అర్థమైపోద్ది. నల్లబోర్డు తుడిచి తుడిచి తెల్లబడిపోతాది కదా, అప్పుడు దాని మీద సుద్దముక్కతో ఎంత గట్టిగా రాసినా వెనక బెంచీకి కనపడదు. అప్పుడేం చేసేవాళ్లం? బొగ్గు నూరి ఆకు పసరులో కలిపి బోర్డుకి పూసేవాళ్లం. మర్నాడు అదే సుద్దముక్క, అదే అక్షరం, మెరిసిపోయేది. హై కాంట్రాస్ట్ థీమ్ అంటే బోర్డుకి బొగ్గు పుయ్యడమే. అంతకంటే పెద్ద విద్య ఏం లేదు.

దీనికి లెక్క కూడా ఉంది. అక్షరం ఎంత వెలుగు, వెనకరంగు ఎంత వెలుగు అనేవి తీసుకుని, రెండింటికీ 0.05 కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తారు. నల్లటి మీద తెల్లటి అక్షరం అయితే 21 వస్తుంది, అదే గరిష్ఠం. రెండూ ఒకే రంగైతే 1. వెబ్ కోసం డబ్ల్యూ3సీ సంస్థ పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి, ఇంకా మంచి స్థాయి కావాలంటే 7 ఉండాలి. ఈ 4.5, 7 లెక్కలు 2008 నుంచీ ఉన్నాయి, నిన్న మొన్న పుట్టినవి కావు.

మరి మనం మోజుపడి పెట్టుకునే థీమ్‌ల సంగతి? రంగుల విలువలు తీసుకుని నేనే కూర్చుని లెక్క వేశాను. సోలరైజ్డ్ డార్క్‌లో మామూలు కోడ్ అక్షరాలకి 4.75 వచ్చింది, అంటే అంచు మీద పాస్. కామెంట్లకి 2.79, ఫెయిల్. డ్రాక్యులాలో కామెంట్లకి 3.03. వీఎస్ కోడ్ పాత డీఫాల్ట్ డార్క్ థీమ్‌లోని ఆకుపచ్చ కామెంట్‌కి దాదాపు 5 వచ్చింది, అది నయం. ఇవి చేసినోళ్లు తెలియక చేశారని అనట్లేదు. సోలరైజ్డ్‌ని 2011లో ఈథన్ స్కూనోవర్ తయారుచేసినప్పుడు వెలుగు తేడాని కావాలనే తగ్గించాడు, గంటలు గంటలు చూసినా కళ్లు అలిసిపోకూడదని. మంచి స్క్రీన్, మంచి గది, మంచి కళ్లు ఉన్న మనిషికి అది హాయిగానే ఉంటాది. మనకి ఆ మూడింటిలో ఎన్ని ఉన్నాయో ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

ఎందుకంటే ఆ 0.05 ఉత్తినే పెట్టలేదు. గదిలో వెలుతురు స్క్రీన్ మీద పడి తిరిగి మన కంట్లోకి వస్తుంది కదా, దాని కోసం. ల్యాబ్‌లో వెనక కిటికీ తెరిచి ఉండి, పాత మానిటర్ అద్దంలా మీ ముఖమే మీకు చూపిస్తుంటే ఆ అంకె పెరుగుతుంది. 0.05 బదులు 0.1 అనుకుని మళ్లీ లెక్క వేస్తే తెలుపు నలుపుల 21 కాస్తా 11కి పడిపోతాది. పడినా 11 అంటే 7 కంటే ఎక్కువే, చదవొచ్చు. అదే 2.79 వచ్చిన కామెంట్ 2కి పడిపోతాది. ఇక్కడే ఉంది తేడా. ఎక్కువ ఉన్నోడికి నష్టం వచ్చినా తట్టుకుంటాడు, తక్కువ ఉన్నోడు అదే నష్టంతో మునిగిపోతాడు. ఈ లెక్క మనకి వేరే చోట్ల కూడా బాగా తెలిసిందే. పైగా ఒక్క సిస్టమ్ చుట్టూ ముగ్గురు కూర్చుంటాం, పక్క నుంచి చూస్తే పాత మానిటర్లలో రంగులు ఇంకా వెలిసిపోతాయి. మధ్యలో కూర్చున్నోడికే కోడింగ్ వస్తాది, పక్కనున్న ఇద్దరికీ రాదు అంటే తెలివి వల్లేనా?

రంగుల సంగతి ఇంకొకటి. నల్లటి మీద పసుపుకి 19.56, ఎరుపుకి 5.25, ముదురు నీలానికి 2.44 మాత్రమే. మూడూ ఫుల్ రంగులే. మన కంటికి ఆకుపచ్చ వెలుగు ఎక్కువ తెలుస్తుంది, నీలం చాలా తక్కువ తెలుస్తుంది, అందుకే ఈ తేడా. నల్ల టెర్మినల్‌లో ముదురు నీలం అక్షరాలతో ఫోల్డర్ పేర్లు వచ్చినప్పుడు మీరు ముందుకి వంగి కళ్లు చికిలించి ఉంటే, అది మీ తప్పు కాదు.

మా వాడికి ఇంకో కోణం కూడా ఉందని తర్వాత తెలిసింది. ప్రాక్టీస్ సైట్‌లో టెస్ట్ పాసైతే ఆకుపచ్చ చుక్క, ఫెయిలైతే ఎర్ర చుక్క. వాడికి రెండూ ఒకేలా ఉన్నాయి. నేను నమ్మలేదు. అప్పుడు వాడే చెప్పాడు, ఇంటి దగ్గర కాఫీ పళ్లు కోసేటప్పుడు వాళ్లమ్మ తిట్టేదంట, పండినవి కోయరా అంటే పచ్చికాయలు కూడా దూసేస్తావు అని. చివరికి వాడిని కోతకి కాకుండా మూటలు మోయడానికి పెట్టారు. బద్ధకస్తుడని అందరూ అనుకున్నారు. మన భాషలో కూడా పచ్చ అంటే ఆకుపచ్చ, పసుపుపచ్చ రెండూ వస్తాయి, కాబట్టి మాటల్లో దొరకలేదు. ఇరవై ఏళ్ల మనిషికి ఎరుపు ఆకుపచ్చల తేడా తక్కువ తెలుస్తాదని ఇంట్లో తెలియదు, స్కూల్లో తెలియదు, హాస్టల్లో తెలియదు. కంటి పరీక్ష అంటే దూరంగా చార్ట్ పెట్టి అక్షరాలు చదివించడమే వాడు చూశాడు, చుక్కల్లో అంకె దాచిన బొమ్మల పుస్తకం ఎవరూ చూపించలేదు.

ఇది సాధారణంగా పుట్టుకతో, తల్లి వైపు నుంచి కొడుకులకి వచ్చేది, అందుకే మగపిల్లల్లో ఎక్కువ. ఇది ఉంటే రైల్వేలో లోకో పైలట్ లాంటి పోస్టులకి మెడికల్‌లో ఆపేస్తారు. కోడ్ రాయడానికి అలాంటి రూల్ ఏదీ లేదు. రూల్ లేకపోయినా రంగు చుక్కలే అడ్డుపడుతుంటే ఎంత అన్యాయం చూడండి. రంగుతో మాత్రమే విషయం చెప్పకూడదు, పక్కన గుర్తో మాటో ఉండాలి అనేది కూడా ఆ డబ్ల్యూసీఏజీలోనే ఉంది. గిట్‌లో తేడాలు చూసేటప్పుడు కలిపిన లైన్‌కి ప్లస్, తీసేసిన లైన్‌కి మైనస్ పడతాయి కదా, అవి అలంకారం కాదు. మా వాడు ఆ రెండు గుర్తుల మీదే బతుకుతున్నాడు.

సరే, థీమ్ మార్చడం. వీఎస్ కోడ్‌లో కంట్రోల్ పట్టుకుని కె, తర్వాత కంట్రోల్ పట్టుకుని టి నొక్కితే థీమ్‌ల లిస్టు వస్తుంది. అందులో డార్క్ హై కాంట్రాస్ట్, లైట్ హై కాంట్రాస్ట్ అని రెండు ఉంటాయి. ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏం లేదు, డేటా ఖర్చు లేదు. బాణం గుర్తుతో కిందికి పోతుంటే ఒక్కో థీమ్ ఎలా ఉంటుందో అక్కడికక్కడే కనపడుతుంది. గిట్‌హబ్ వాళ్ల థీమ్‌లు వేసుకుంటే వాటిలో కలర్‌బ్లైండ్ అని విడిగా ఉన్నాయి. టెర్మినల్‌కి మినిమమ్ కాంట్రాస్ట్ రేషియో అని సెట్టింగ్ ఉంది, మామూలుగా 4.5 ఉంటుంది, దాన్ని 7 చేస్తే మసక అక్షరాల రంగుని ఎడిటరే సరిచేస్తుంది. విండోస్ మొత్తానికి కావాలంటే ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, ప్రింట్ స్క్రీన్ మూడూ కలిపి నొక్కాలి. ఇవన్నీ చేసే ముందు కంట్రోల్ ప్లస్ నొక్కి అక్షరాలు పెద్దవి చేయండి, సగం మందికి అక్కడే పని అయిపోద్ది.

ఒక జాగ్రత్త. హై కాంట్రాస్ట్ అంటే నలుపే అనుకోకండి. మేం మొదట డార్క్ హై కాంట్రాస్ట్ పెట్టాం. కామెంట్లు కనపడ్డాయి, కానీ అరగంటకి తెల్ల అక్షరాల చుట్టూ వెలుగు చెదిరినట్టు, పొగ పట్టినట్టు ఉందన్నాడు. తర్వాత కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే సిలిండర్ పవర్ ఉందని తేలింది, ఆస్టిగ్మాటిజం అంటారు. చీకటి స్క్రీన్ చూసినప్పుడు కంటిపాప పెద్దదవుతుంది, అప్పుడు ఆ లోపం ఇంకా తెలుస్తుంది. తెల్ల స్క్రీన్‌కి కంటిపాప చిన్నదై అక్షరం గట్టిగా నిలబడుతుంది. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని లైట్ హై కాంట్రాస్ట్ వాడుతున్నాడు. వేరే వాళ్లకి ఉల్టాగా ఉండొచ్చు. కంట్లో పొర ఉన్నోళ్లకి, ఒంట్లో రంగు లేకుండా పుట్టినోళ్లకి తెల్ల స్క్రీన్ గుచ్చుకుంటుంది, వాళ్లకి నలుపే హాయి. అందుకే ఏది మంచిదని నన్ను అడగొద్దు, రెండూ ఒక్కో రోజు వాడి చూడండి.

తెల్ల థీమ్ పెట్టగానే మా వాళ్లు ఆడుకున్నారు. "లైట్ థీమ్ వాడేవాడు కోడర్ ఏంట్రా" అని. సినిమాల్లో హ్యాకర్ నల్ల స్క్రీన్ ముందు కూర్చుంటాడు కాబట్టి మనకీ అదే కావాలి. బ్యాటరీ ఆదా అని ఒకడు వాదించాడు. ఓఎల్‌ఈడీ ఫోన్‌లో అది నిజమే. ల్యాబ్‌లో ఉన్న ఎల్‌సీడీ మానిటర్‌లో వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాది, నలుపు పెట్టినా ఆదా అయ్యేది ఏం లేదు. ఈ జోకుల్ని నేను పట్టించుకోను. నన్ను ఆలోచనలో పడేసింది మా వాడు అన్న మాట. "ఇన్నాళ్లూ ఎందుకు మార్చుకోలేదురా, మెనూలోనే ఉంది కదా" అంటే, "అది కాలేజీ సిస్టమ్ కదా, ముట్టుకుంటే ఏమవుద్దో" అన్నాడు.

నిజం చెప్పాలంటే నేనూ ఆరోజు ఆ బటన్లు నొక్కేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాను, సార్ ఉన్నారేమోనని. ఇళ్లల్లో కంప్యూటర్ చూసి పెరిగిన పిల్లలు కూర్చున్న వెంటనే వాల్‌పేపర్ మార్చేస్తారు. మనం ఇంటర్ దాకా మౌస్ కూడా ముట్టుకోనోళ్లం, ఇచ్చింది ఇచ్చినట్టు వాడి లేస్తాం. అన్నం ఎలా ఉన్నా తింటాం, మంచం ఎలా ఉన్నా పడుకుంటాం, స్క్రీన్ ఎలా ఉన్నా చూస్తాం. సర్దుకుపోవడం మంచి గుణమని చిన్నప్పట్నుంచీ మనకి చెప్పారు. చాలా చోట్ల అది మనల్ని కాపాడింది కూడా, కాదనను. కానీ ఎడిటర్ రంగు అనేది ఎవరి ఆస్తీ కాదు. మార్చితే ఏదీ పాడవదు. నాకు కనపడట్లేదు అని చెప్పడం ఫిర్యాదు కూడా కాదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం గురించి కూడా తెలుసుకోండి. అందులో 21 రకాలు ఉన్నాయి, చూపు తక్కువ ఉండటం ఒకటి, సికిల్ సెల్ జబ్బు ఇంకొకటి. కంప్యూటర్, సమాచారం అందరికీ అందేలా ఉండాలని 42వ సెక్షన్ చెప్తోంది. సికిల్ సెల్ మాట వచ్చింది కాబట్టి ఆపి చెప్తున్నా, మన ఊళ్లల్లో ఇది ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ఆ జబ్బు కంటి లోపలి రెటీనా రక్తనాళాల్ని కూడా దెబ్బతీయగలదు, మొదట్లో ఏమీ తెలియదు. మీకు గానీ మీ తమ్ముళ్లకి చెల్లెళ్లకి గానీ ఉంటే, చూపు బాగానే ఉందనిపించినా ఏడాదికో రెండేళ్లకో చుక్కలు వేసి రెటీనా చూపించుకోవాలి. ఇది థీమ్ మారిస్తే పోయేది కాదు.

సీనియర్లకి కూడా ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మన గ్రూపులో మీరు ప్రేమతో పెట్టే నోట్స్, రికార్డ్ చేసి పెట్టే క్లాసులు చాలామందికి దిక్కు. కానీ వాటిలో నల్ల స్క్రీన్ మీద సన్న అక్షరాలు, దాన్ని వాట్సాప్ ఇంకా నలిపేస్తుంది, మేం ఐదు అంగుళాల ఫోన్‌లో చూస్తాం. రికార్డ్ చేసే ముందు ఒక్కసారి హై కాంట్రాస్ట్ పెట్టి, అక్షరం పెద్దది చేయండి. "ఈ ఎర్ర లైన్ చూడండి" అనకుండా "పన్నెండో లైన్ చూడండి" అనండి. అంతే.

మొదట అడిగిన తమ్ముడికి మళ్లీ చెప్తున్నా. నీ సమస్య ఇదేనని నేను అనట్లేదు. నిజంగానే కోడింగ్ నచ్చకపోవచ్చు, అది నీ ఇష్టం. ముందు రేపు ల్యాబ్‌లో ఆ నాలుగు బటన్లు నొక్కు. ఇంతకుముందు చూడనివి ఏమైనా కొత్తగా కనపడితే ఇక్కడ రాయి. కంటి పరీక్షకి వెళ్తే రంగుల పరీక్ష కూడా చేయమని నువ్వే నోరు తెరిచి అడుగు, అడక్కపోతే చాలా చోట్ల చేయరు.

మా వాడి సంగతి ఇంకా పూర్తవలేదు. మా ల్యాబ్ సిస్టమ్‌లు ఆఫ్ చేసి ఆన్ చేస్తే పెట్టుకున్న సెట్టింగులన్నీ పోయి మొదటికి వచ్చేస్తాయి. కామెంట్లు కనపడే థీమ్‌నే అన్నిట్లో మొదటి నుంచీ పెట్టమని, వద్దన్నోళ్లు మార్చుకుంటారని, పన్నెండు మంది సంతకాలతో లెటర్ రాసి ఇచ్చాం. ఇచ్చి పదకొండు రోజులైంది. చూద్దాం అన్నారు. ఈలోపు వాడు ప్రతి ల్యాబ్‌కీ అందరికంటే రెండు నిమిషాలు ముందు వెళ్లి, కంట్రోల్ కె, కంట్రోల్ టి కొట్టి, థీమ్ మార్చుకుని కూర్చుంటున్నాడు. పోయిన బుధవారం పక్క సిస్టమ్‌లో కూర్చున్న అమ్మాయి "నాక్కూడా పెట్టవా" అని అడిగిందంట.